మైకోరైజా శిలీంధ్రం జీనోమ్‌లో గెంతే డీఎన్‌ఏను గుర్తించి లెక్కించడం: దశలవారీ సమగ్ర మార్గదర్శి

మొక్కల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాల జీనోమ్‌పై పనిచేసే విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్లను, అంటే జీనోమ్‌లో ఒకచోటి నుంచి మరోచోటికి గెంతే డీఎన్‌ఏ ముక్కలను సరిగా లెక్కపెట్టడం ఎలా? సాఫ్ట్‌వేర్ నడపడం పెద్ద కష్టమేమీ కాదు. జీనోమ్‌లో పదేపదే వచ్చే సీక్వెన్స్‌లను (రిపీట్లను) కనిపెట్టే రిపీట్‌మోడలర్, ఆ తర్వాత వాటిని జీనోమ్ అంతటా గుర్తించి కప్పే (మాస్క్ చేసే) రిపీట్‌మాస్కర్ నడిపితే రెండు మూడు రోజుల్లో ఏదో ఒక శాతం చేతికొస్తుంది. ఆ ఒక్క శాతాన్ని పట్టుకుని జీనోమ్ పరిణామం గురించి రాయడం మొదలుపెడితే మాత్రం చిక్కే. ఏ ఎలిమెంట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే లైబ్రరీని కంటితో చూసి, చేత్తో సరిదిద్దాకే ఆ సంఖ్యకు విలువ. అందుకే ఇక్కడ ఐదో దశకు మిగతా వాటికన్నా ఎక్కువ చోటిచ్చాం.

ఉదాహరణకు రైజోఫేగస్ ఇర్రెగ్యులారిస్ అనే ఆర్బస్కులార్ మైకోరైజా శిలీంధ్రాన్ని తీసుకున్నాం. కెనడాలోని క్యుబెక్ ప్రాంతం నుంచి వచ్చిన డీఏఓఎం 197198 స్ట్రెయిన్ దీనికి ప్రామాణికం. ట్రఫుల్, ఎపిక్లోయి లాంటి శిలీంధ్రాలకు పద్ధతి మారే చోట ఆ మాట అక్కడే చెప్పాం. ఇకపై ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్‌ను టీఈ అని రాస్తాం. ఆప్షన్ల పేర్లు పలికే తీరులో రాశాం, టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

మొదట తేల్చుకోవాల్సింది స్ట్రెయిన్. డీఏఓఎం 197198 హోమోకేరియాన్. ఒక్కో స్పోర్‌లో వందల కేంద్రకాలున్నా వాటి జన్యు సమాచారం దాదాపు ఒకటే. ఏ4, ఏ5, ఎస్‌ఎల్1 లాంటి స్ట్రెయిన్లలో రెండు రకాల కేంద్రకాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీయకుండా అసెంబుల్ చేస్తే (చదివిన ముక్కలను కలిపి జీనోమ్ కడితే) ప్రతి జన్యువూ రెండుసార్లు కనిపించి, రిపీట్ కానిది రిపీట్‌లా లెక్కలోకి వస్తుంది. మొదటిసారి చేసేవారు హోమోకేరియాన్‌తోనే మొదలుపెట్టండి.

పబ్లిక్ డేటాబేస్‌లోని అసెంబ్లీ సరిపోతే తర్వాతి దశకు వెళ్లవచ్చు. సొంతంగా డీఎన్‌ఏ తీయాలంటే ఈ శిలీంధ్రం మొక్క లేకుండా పెరగదు కాబట్టి, టీ-డీఎన్‌ఏతో మార్చిన క్యారట్ వేళ్లపై, రెండు గదుల పెట్రీ ప్లేట్లలో పెంచాలి. వేళ్లు ఒక గదిలో ఉంటాయి, చక్కెర లేని రెండో గదిలోకి హైఫాలు (శిలీంధ్రపు సన్నని పోగులు) మాత్రమే దాటాలి. గోడ దాటిన వేరు కొసలను ఎప్పటికప్పుడు కత్తిరించకపోతే సీక్వెన్స్‌లో క్యారట్ డీఎన్‌ఏ చేరుతుంది. రెండో గదిలోని జెల్‌ను 10 మిల్లీమోలార్ సోడియం సిట్రేట్ బఫర్‌లో, పీహెచ్ 6.0 వద్ద కరిగించి స్పోర్లు, హైఫాలు సేకరిస్తారు.

కావాల్సిన సరంజామా:

☐ లాంగ్ రీడ్లతో (యంత్రం ఒక్కసారిగా చదివిన పొడవైన డీఎన్‌ఏ ముక్కలతో) కట్టిన అసెంబ్లీ, దాని ముడి రీడ్లు
☐ వీలుంటే హై-సీ డేటా (కేంద్రకంలో ఏ డీఎన్‌ఏ భాగాలు దగ్గరగా ఉన్నాయో చూపేది)
☐ అదే స్ట్రెయిన్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్: స్పోర్లు లేదా హైఫాలు, వేరు లోపలి దశ, ఒక్కోదానికి కనీసం మూడు రెప్లికేట్లు
☐ 16 కోర్లు, 64 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ యంత్రం
☐ టీఈల డేటాబేస్ అయిన డీఫ్యామ్ బృందం ఇచ్చే టీఈ టూల్స్ కంటైనర్. రిపీట్‌మోడలర్, రిపీట్‌మాస్కర్, ఆర్‌ఎంబ్లాస్ట్ అన్నీ అందులోనే ఉంటాయి
☐ బెడ్‌టూల్స్, మాఫ్ట్, ఆలీవ్యూ, టీఈ-ఎయిడ్

ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా ఇన్‌స్టాల్ చేయడానికి ప్రయత్నించకండి. వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగక రోజులు వృథా అవుతాయి. కంటైనర్‌తోనే పని చేయండి.

## 2. అసెంబ్లీని పరీక్షించడం

2013లో షార్ట్ రీడ్లతో వచ్చిన మొదటి అసెంబ్లీ పరిమాణం సుమారు 101 మెగాబేసులు. జీనోమ్ అసలు పరిమాణం 150 మెగాబేసుల పైచిలుకు ఉంటుందని అప్పుడే అంచనా. తర్వాత లాంగ్ రీడ్లతో కట్టిన అసెంబ్లీలు 150 మెగాబేసుల దగ్గరికి చేరాయి, హై-సీతో 33 క్రోమోజోములు తేలాయి. మొదట దొరకని మూడో వంతులో ఎక్కువ భాగం రిపీట్లే. ఒకేలా ఉండే కాపీలను షార్ట్ రీడ్లు విడదీయలేవు, అవన్నీ ఒక్క కాపీగా ముడుచుకుపోతాయి. ముఖ్యంగా కొత్తగా గెంతిన ఎలిమెంట్లు, అంటే మనం వెతికేవే, అలా మాయమవుతాయి. పాత అసెంబ్లీలో వచ్చిన టీఈ శాతాన్ని కొత్తదానితో పోల్చి జీనోమ్ పెరిగిందని రాయకూడదు.

చూడాల్సినవి:

☐ కె-మెర్ (రీడ్లలోని నిర్ణీత పొడవు చిన్న ముక్కల) లెక్కతో వచ్చిన జీనోమ్ పరిమాణం, అసెంబ్లీ పరిమాణం దగ్గరగా ఉన్నాయా?
☐ అసెంబ్లీ ఎంత పూర్తిగా ఉందో పరీక్షించే బస్కోలో, శిలీంధ్రాల్లో సాధారణంగా ఒక్కో కాపీయే ఉండే 758 జన్యువుల సెట్‌తో చూస్తే డూప్లికేట్లు తక్కువగా ఉన్నాయా? ఎక్కువుంటే రెండు హాప్లోటైపులు కలిసి ఉన్నట్టు అనుమానించండి.
☐ రీడ్లను తిరిగి అసెంబ్లీపై అమర్చితే కవరేజీ రెట్టింపు, మూడింతలు ఉన్న చోట్లు ఎన్ని? అవి ముడుచుకుపోయిన రిపీట్లు.
☐ బ్లాబ్‌టూల్స్‌తో చూస్తే బ్యాక్టీరియా, మొక్క కాంటిగ్‌లు (అసెంబ్లీలోని తెగని ముక్కలు) ఉన్నాయా?

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆర్బస్కులార్ మైకోరైజా శిలీంధ్రాలు చాలావాటి లోపల బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. గిగాస్పోరా మార్గరీటా లోపల ఉండే గ్లోమెరిబ్యాక్టర్ బాగా తెలిసిన ఉదాహరణ. మాలిక్యూట్స్ అనే బ్యాక్టీరియా తరగతికి దగ్గరైన మరో రకానికి జీసీ (డీఎన్‌ఏలో జీ, సీ బేసుల శాతం) తక్కువ. రైజోఫేగస్ జీనోమ్ జీసీ కూడా 28 శాతం చుట్టుపక్కలే కాబట్టి జీసీ ఒక్కటే చూసి వాటిని విడదీయలేరు. సీక్వెన్స్ పోలిక, కవరేజీ రెండూ చూడాలి.

## 3. ముడి లైబ్రరీ తయారీ

బిల్డ్‌డేటాబేస్‌తో డేటాబేస్ తయారుచేసి, రిపీట్‌మోడలర్ 2ను ఎల్‌టీఆర్‌స్ట్రక్ట్ ఆప్షన్‌తో నడపండి. ఈ ఆప్షన్ లేకపోతే ఎల్‌టీఆర్ రెట్రోట్రాన్స్‌పోజాన్లు (రెండు కొసల్లోనూ ఒకే పొడవాటి సీక్వెన్స్ ఉండే టీఈలు) ముక్కలుగానే దొరుకుతాయి. 150 మెగాబేసుల జీనోమ్‌కు 16 కోర్ల మీద ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

ఈ ప్రోగ్రాం జీనోమ్‌లో యాదృచ్ఛికంగా కొన్ని భాగాలను ఎంచుకుని, రౌండ్లు గడిచేకొద్దీ నమూనా పెంచుతూ వెతుకుతుంది. అందుకే రెండుసార్లు నడిపితే రెండు వేర్వేరు లైబ్రరీలు వస్తాయి. ఎస్‌ర్యాండ్ ఆప్షన్‌తో సీడ్ సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యను నోట్‌బుక్‌లో రాసుకోండి. వేర్వేరు సీడ్లతో మూడుసార్లు నడిపి ఫలితాలను కలపడం ఇంకా మంచిది. తక్కువ కాపీలున్న కుటుంబాలు (ఒకే టీఈ నుంచి వచ్చిన కాపీల గుంపులు) ఒక్క రన్‌లో తప్పిపోవచ్చు.

కలిపిన తర్వాత దగ్గరి బంధువులను ఒకటి చేయాలి. అందరూ వాడే కొలత 80-80-80 నియమం: 80 శాతం పోలిక, పొడవులో 80 శాతం మేర, కనీసం 80 బేసులు. సీడీ-హిట్-ఈఎస్‌టీతో ఇది చేయవచ్చు.

ఈడీటీఏ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. అది ప్రధానంగా మొక్కల జీనోమ్‌ల కోసం మలిచిన పైప్‌లైన్. శిలీంధ్రాలకు దాన్ని రెండో అభిప్రాయంగా వాడండి, ఏకైక ఆధారంగా వద్దు.

## 4. జన్యు కుటుంబాలను లైబ్రరీ నుంచి ఏరివేయడం

రిపీట్‌మోడలర్‌కు టీఈ అంటే ఏమిటో తెలియదు. ఎక్కువసార్లు కనిపించే ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. రైజోఫేగస్‌లో ఇది పెద్ద సమస్య, ఎందుకంటే దీని జన్యు కుటుంబాల్లో కొన్ని విపరీతంగా విస్తరించాయి: ప్రోటీన్ కైనేజులు, సెల్1 రిపీట్ ఉన్న ప్రోటీన్లు, బీటీబీ డొమైన్ ప్రోటీన్లు, హెచ్‌ఎంజీ బాక్స్ ప్రోటీన్లు. ఇవన్నీ ‘అన్‌నోన్’ అనే ముద్రతో లైబ్రరీలోకి దూరతాయి. వాటితో మాస్క్ చేస్తే శిలీంధ్రం సొంత జన్యువులే కనుమరుగవుతాయి. టీఈ శాతం పెరుగుతుంది, జన్యువుల సంఖ్య తగ్గుతుంది, రెండూ తప్పే.

క్రమం ఇది:

1. ప్రతి కన్సెన్సస్‌ను (ఒక కుటుంబం కాపీలన్నింటికీ ప్రతినిధిగా లైబ్రరీలో ఉండే సీక్వెన్స్‌ను) ఆరు ఫ్రేముల్లో ప్రోటీన్‌గా అనువదించి, పీఫ్యామ్ డేటాబేస్‌లోని ప్రోటీన్ డొమైన్లు వెతకండి.
2. టీఈ డొమైన్ ఉంటే ఉంచండి: రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ పీఎఫ్00078, ఇంటిగ్రేజ్ పీఎఫ్00665, హెచ్‌ఏటీ డైమరైజేషన్ పీఎఫ్05699, మ్యూల్ ట్రాన్స్‌పోజేజ్ పీఎఫ్10551, డీడీఈ రకాలు పీఎఫ్03184, పీఎఫ్13358.
3. టీఈ డొమైన్ లేకుండా కైనేజ్, సెల్1, బీటీబీ, కెల్చ్, హెచ్‌ఎంజీ లాంటివి కనిపిస్తే పక్కన పెట్టండి.
4. రెండూ ఉంటే తొందరపడి తీసేయకండి. జన్యువు పక్కన చొరబడిన టీఈ కావచ్చు, జన్యువు ముక్కను మోసుకుపోతున్న టీఈ కావచ్చు. ఐదో దశలో తేల్చండి.
5. రైబోజోమల్ డీఎన్‌ఏతో పోల్చి తీసేయండి. చాలా జీవుల్లో మాదిరి ఈ శిలీంధ్రంలో అది ఒకేచోట బారులుగా ఉండదు. పదో పదకొండో కాపీలు చెల్లాచెదురుగా, ఒకదానికొకటి కొద్ది తేడాలతో ఉంటాయి. చూడ్డానికి అచ్చం టీఈలాగే కనిపిస్తుంది.

పరీక్షగా మైకోరైజా బంధంలో పాత్ర రుజువైన ఎస్‌పీ7 ఎఫెక్టర్ (మొక్క కణంపై పనిచేసేలా శిలీంధ్రం స్రవించే ప్రోటీన్) జన్యువును చూడండి. దాని లోపలే పునరావృతాలున్నాయి. మాస్క్ చేశాక అది ఎంత మేర కప్పబడిందో చూస్తే మీ లైబ్రరీ మితిమీరిందో లేదో తెలుస్తుంది.

## 5. చేత్తో సరిదిద్దడం

ప్రోగ్రాం ఇచ్చే కన్సెన్సస్‌లు తరచుగా అసంపూర్ణంగా ఉంటాయి. అంచులు తెగి ఉంటాయి, ఒకే ఎలిమెంట్ మూడు పేర్లతో ఉంటుంది, లేదా రెండు ఎలిమెంట్లు అతుక్కుని ఉంటాయి. వందల కుటుంబాలుంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి చేయలేరు. జీనోమ్‌లో ఆక్రమించిన బేసుల ప్రకారం వరుస పెట్టి, పైనుంచి మొదటి వందతో ప్రారంభించండి. సాధారణంగా టీఈ మొత్తంలో ఎక్కువ భాగం వాటిలోనే ఉంటుంది.

ఒక్కో కుటుంబానికి చేయాల్సిన పని:

5.1 కాపీలు సేకరించండి. కన్సెన్సస్‌ను జీనోమ్‌పై బ్లాస్ట్‌ఎన్ చేసి, కన్సెన్సస్ పొడవులో కనీసం సగం ఉన్న హిట్లలో 20 నుంచి 50 దాకా తీసుకోండి. మేలైన స్కోరు ఉన్నవే తీసుకోకండి. అలా చేస్తే ఒకే ఉపకుటుంబం వస్తుంది. కొన్ని దగ్గరివి, కొన్ని దూరపువి కలపండి.

5.2 రెండు వైపులా పొడిగించండి. బెడ్‌టూల్స్ స్లాప్‌తో ఇరువైపులా 2,000 బేసులు చేర్చండి. స్ట్రాండ్ దిశ గౌరవించే ఎస్ ఆప్షన్‌తో సీక్వెన్స్ తీయండి. ఆ ఆప్షన్ మరిచిపోతే సగం కాపీలు తలకిందులుగా వచ్చి అలైన్‌మెంట్ చెడుతుంది. అలైన్‌మెంట్ అర్థం కాకుండా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

5.3 అలైన్ చేయండి. మాఫ్ట్ చాలు. 80 శాతానికి మించి ఖాళీలున్న నిలువు వరుసలను తొలగించి ఆలీవ్యూలో తెరవండి.

5.4 అంచు కోసం చూడండి. ఎలిమెంట్ లోపల కాపీలన్నీ ఒకే రంగు పట్టీలుగా కనిపిస్తాయి. అంచు దాటగానే ఒక్కో కాపీ వేరే చోట దూరింది కాబట్టి రంగులు చెదిరిపోతాయి. ఆ మార్పు ఒక్కసారిగా, చాలా కాపీల్లో ఒకే బేసు దగ్గర జరగాలి.

మార్పు కనిపించకుండా 2,000 బేసుల చివరిదాకా పోలిక కొనసాగితే ఎలిమెంట్ ఇంకా పొడవుంది. మళ్లీ పొడిగించండి. ఎన్నిసార్లు పొడిగించినా అంచు రాకపోతే అది టీఈ కాకపోవచ్చు, పెద్ద సెగ్మెంటల్ డూప్లికేషన్ (జీనోమ్‌లో ఒక పెద్ద భాగం మొత్తంగా నకలు కావడం) కావచ్చు. మార్పు మెట్లుమెట్లుగా ఒకవైపే జరుగుతుంటే లైన్ ఎలిమెంట్ (ఎల్‌టీఆర్‌లు లేని రెట్రోట్రాన్స్‌పోజాన్) అనుకోవచ్చు, వాటి 5′ కొసలు తెగిపోయి ఉండటం మామూలే.

5.5 అంచుకు రుజువు వెతకండి. గెంతినప్పుడు చాలా రకాల టీఈలు తాము దూరిన చోట కొన్ని బేసులను రెట్టింపు చేస్తాయి. ఒక్కో కాపీకి ఇరువైపులా ఆ చిన్న ముక్క ఒకేలా ఉండాలి, కాపీ మారితే ముక్క మారాలి. అన్ని కాపీల్లోనూ ఒకే ముక్క ఉంటే మీరు గీసిన గీత ఎలిమెంట్ లోపల పడింది, బయటికి జరపండి (ఎప్పుడూ టీఏ లేదా టీటీఏఏ దగ్గరే దూరే ఆరో దశలోని రకాలు దీనికి మినహాయింపు).

5.6 కొత్త కన్సెన్సస్ తయారుచేయండి. నిలువు వరుసలో ఎక్కువగా ఉన్న బేసును తీసుకోండి. అంతకుముందు ఉపకుటుంబాలు ఉన్నాయేమో చూడండి. అలైన్‌మెంట్‌లో రెండు స్పష్టమైన గుంపులు ఉంటే విడదీసి రెండు కన్సెన్సస్‌లు చేయాలి. కలిపేస్తే ఏ కాపీనీ పోలని ఒక మధ్యస్థ సీక్వెన్స్ వస్తుంది, తర్వాత వయసు లెక్కల్లో అన్నీ పాతవిగా కనిపిస్తాయి.

5.7 టీఈ-ఎయిడ్‌తో సరిచూడండి. అది కవరేజీ, కాపీల తేడా, తనతో తనకున్న పోలిక, ఓపెన్ రీడింగ్ ఫ్రేములను ఒకే పేజీలో చూపిస్తుంది. మంచి కన్సెన్సస్‌కు మొత్తం పొడవునా కొన్ని పూర్తి కాపీలుంటాయి. మధ్యలో ఒక ముక్కకు మాత్రమే వందల హిట్లు కొండలా లేస్తే, వేరే ఎలిమెంట్ అక్కడ చొరబడింది. దాన్ని కత్తిరించి తీసి మళ్లీ చేయండి.

ఎపిక్లోయి లాంటి ఆస్కోమైసీట్లకు ఒక అదనపు జాగ్రత్త అవసరం. వీటిలో రిప్ అనే రక్షణ వ్యవస్థ రెట్టింపైన డీఎన్‌ఏలోని సీ బేసులను టీగా మార్చేస్తుంది. మామూలు పద్ధతిలో కన్సెన్సస్ చేస్తే స్టాప్ కోడాన్లతో నిండిన శిథిలమే వస్తుంది. డీరిప్2 లాంటి పనిముట్టుతో మార్పులను వెనక్కి తిప్పిన తర్వాతే డొమైన్లు వెతకాలి. రిప్‌ను పట్టే సూచికలు రెండు (టీపీఏ అంటే టీ వెంటనే ఏ వచ్చే జంటల సంఖ్య, మిగతావీ అలాగే): టీపీఏ/ఏపీటీ నిష్పత్తి 0.89 కన్నా ఎక్కువ, (సీపీఏ+టీపీజీ)/(ఏపీసీ+జీపీటీ) నిష్పత్తి 1.03 కన్నా తక్కువ. ఏటీ ఎక్కువున్న జీనోమ్‌లో మొదటి నిష్పత్తి సహజంగానే పెరగవచ్చు కాబట్టి, రిపీట్లు లేని భాగాల విలువతో పోల్చకుండా నిర్ణయానికి రాకండి.

## 6. వర్గీకరణ

అంచులు దొరికాక వర్గం తేల్చడం తేలిక. గుర్తుపట్టే ఆనవాళ్లు:

- టీసీ1-మారినర్: టీఏ అనే రెండు బేసుల రెట్టింపు
- పిగ్గీబ్యాక్: టీటీఏఏ
- హెచ్‌ఏటీ: 8 బేసులు
- మ్యూల్: 8 నుంచి 11 బేసులు, తరచుగా 9
- ఎల్‌టీఆర్ రకాలు: 4 నుంచి 6 బేసులు, ఎల్‌టీఆర్ టీజీతో మొదలై సీఏతో ముగుస్తుంది
- హెలిట్రాన్: రెట్టింపు ఉండదు, టీసీతో మొదలవుతుంది, చివర్లో చిన్న హెయిర్‌పిన్, ఏ-టీ మధ్య దూరుతుంది

జిప్సీ, కోపియా వేరు చేయడానికి ఇంటిగ్రేజ్ స్థానం చూడండి. జిప్సీలో అది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఆర్‌నేజ్-హెచ్ తర్వాత వస్తుంది, కోపియాలో వాటికి ముందే.

ఏ ఆనవాలూ లేనిదాన్ని ‘అన్‌నోన్’గానే ఉంచండి. ఏదో ఒక పేరు పెట్టాలన్న ఆరాటంలో బలహీనమైన హిట్‌ను పట్టుకుని వర్గం రాస్తే, ఆ తప్పు డేటాబేస్‌లోకి వెళ్లి తర్వాతి వారి లైబ్రరీలన్నింటికీ పాకుతుంది.

స్టార్‌షిప్ అనే భారీ ఎలిమెంట్ల గురించి కూడా అడుగుతుంటారు. అవి పెజిజోమైకోటినా వర్గంలో కనిపించేవి. ట్రఫుల్, ఎపిక్లోయిలలో స్టార్‌ఫిష్ ప్రోగ్రాంతో వెతకడం సబబే, రైజోఫేగస్‌లో ఆ వెతుకులాట అనవసరం.

## 7. మాస్కింగ్

సరిదిద్దిన లైబ్రరీతో రిపీట్‌మాస్కర్ నడపండి. లిబ్ ఆప్షన్‌తో మీ లైబ్రరీ, సున్నితమైన వెతుకులాటకు ఎస్, అలైన్‌మెంట్లు భద్రపరచడానికి ‘ఏ’, సాఫ్ట్ మాస్కింగ్‌కు (రిపీట్లను చిన్న అక్షరాలుగా మార్చడానికి) ఎక్స్‌స్మాల్, జీఎఫ్‌ఎఫ్ ఫైలుకు జీఎఫ్‌ఎఫ్ ఇవ్వాలి. ఇందులో ‘ఏ’ అనే ఆప్షన్ మరిచిపోతే ఎనిమిదో దశ చేయలేరు, మొత్తం మళ్లీ నడపాలి.

జీన్ ప్రిడిక్షన్ కోసం తయారుచేసే కాపీకి నోలో ఆప్షన్ కూడా చేర్చండి. ఏటీ ఇంత ఎక్కువున్న జీనోమ్‌లో లో-కాంప్లెక్సిటీ భాగాలు జన్యువుల లోపల కూడా ఉంటాయి, వాటిని మాస్క్ చేస్తే ఎక్సాన్లు తెగుతాయి. అక్షరాలను ‘ఎన్’గా మార్చే హార్డ్ మాస్కింగ్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

తరచూ జరిగే తప్పులు:

- శాతం ఎక్కువగా రావడం. ఒకదానిపై ఒకటి పడిన హిట్లను రెండుసార్లు కూడడం కారణం. బెడ్‌టూల్స్ మెర్జ్‌తో కలిపాకే బేసులు లెక్కపెట్టండి.
- కాపీల సంఖ్య ఎక్కువగా రావడం. ముక్కలైన ఒకే కాపీ పలు వరుసల్లో ఉంటుంది. అవుట్‌పుట్ చివరి ఐడీ గడిని చూసి ముక్కలను ఒకటిగా లెక్కించండి.
- జన్యువుల జాబితాలో టీఈలు మిగలడం. మాస్క్ చేసినా ట్రాన్స్‌పోజేజ్‌లు జన్యువులుగా వస్తాయి. నాలుగో దశలోని టీఈ డొమైన్లతో ప్రోటీన్ జాబితాను మరోసారి వడపోయండి. అది చేయకపోతే ‘జన్యు కుటుంబాల విస్తరణ’గా మీరు చూపించేది టీఈల విస్తరణే అవుతుంది.

## 8. వయసు అంచనా

రిపీట్‌మాస్కర్‌తో వచ్చే క్యాల్క్‌డైవర్జెన్స్ స్క్రిప్టుతో ఒక్కో కాపీకి, కన్సెన్సస్‌కు మధ్య కిమురా దూరం (రెండు సీక్వెన్స్‌ల మధ్య మార్పుల శాతం) లెక్కించి ల్యాండ్‌స్కేప్ (ఏ దూరంలో ఎంత టీఈ ఉందో చూపే గ్రాఫ్) గీయండి. 0 నుంచి 5 శాతం మధ్య ఎత్తైన గుట్ట ఉంటే ఇటీవల గెంతిన కాపీలున్నట్టు. గ్రాఫ్ గీసే స్క్రిప్టుకు జీనోమ్ పరిమాణం ఇవ్వాలి. అక్కడ కాంటిగ్‌ల మధ్య ఖాళీలతో కూడిన సంఖ్య ఇస్తే శాతాలన్నీ కిందికి జారతాయి.

సరిదిద్దని లైబ్రరీతో గీసిన ల్యాండ్‌స్కేప్, సరిదిద్దాక గీసినదానికన్నా బాగా వేరుగా ఉండవచ్చు. రెండూ గీసి పక్కపక్కన పెట్టి చూడండి.

సంవత్సరాల్లో వయసు రాయాలన్న కోరిక అందరికీ ఉంటుంది. ఎల్‌టీఆర్_రిట్రీవర్ ఆ సంఖ్య ఇస్తుంది కూడా. అయితే అది మామూలుగా వాడే మ్యుటేషన్ రేటు 1.3 × 10⁻⁸, వరి నుంచి తీసుకున్నది. భూమి లోపల, వందల కేంద్రకాలతో, లైంగిక దశ ఇంతవరకు కంటపడకుండా పెరిగే శిలీంధ్రానికి వరి రేటు వర్తించదు. రెండు ఎల్‌టీఆర్‌ల మధ్య తేడా శాతాన్ని మాత్రం ఇచ్చి ఆగిపోండి. రిప్ ఉన్న శిలీంధ్రాల్లో అదీ కష్టమే, నిన్నగాక మొన్న గెంతిన కాపీ కూడా ఎంతో పాతదిలా కనిపిస్తుంది.

## 9. టీఈలు, జన్యువులు, కంపార్ట్‌మెంట్లు

ఎఫెక్టర్ జన్యువులు టీఈల పక్కనే ఉన్నాయి కాబట్టి టీఈలే వాటి పరిణామాన్ని వేగవంతం చేశాయని చాలా పత్రాల్లో కనిపిస్తుంది. రైజోఫేగస్‌లో ఆ మాట అనేముందు ఒకటి చూడాలి. హై-సీ పనుల ప్రకారం ఈ జీనోమ్ రెండు కంపార్ట్‌మెంట్లుగా అమరి ఉంది. ‘ఏ’లో మూల జన్యువులు (అన్ని స్ట్రెయిన్లలోనూ ఉండేవి) ఎక్కువ, ‘బీ’లో టీఈలు, మిథైలేషన్ (డీఎన్‌ఏకు చేరే మిథైల్ గుర్తులు), బయటికి స్రవించే ప్రోటీన్ల జన్యువులు ఎక్కువ. ఒకే పేటలో ఉన్నంత మాత్రాన ఒకటి మరోదానికి కారణం కాదు.

అందుకని:

1. బెడ్‌టూల్స్ క్లోజెస్ట్‌తో ప్రతి జన్యువుకు దగ్గరి టీఈ దూరం తీయండి, 5′ వైపు, 3′ వైపు విడివిడిగా.
2. స్రవించే ప్రోటీన్ల జన్యువులను, అదే కంపార్ట్‌మెంట్‌లోని ఇతర జన్యువులతో మాత్రమే పోల్చండి.
3. టీఈ స్థానాలను అదే క్రోమోజోమ్, అదే కంపార్ట్‌మెంట్ పరిధిలో 1,000 సార్లు యాదృచ్ఛికంగా అటూ ఇటూ మార్చి చూడండి. జీనోమ్ అంతటా అలా మార్చితే దేనికైనా అర్థవంతమైన పీ విలువ వచ్చేస్తుంది.
4. కుటుంబాల వారీగా మళ్లీ చేయండి. అన్ని టీఈలనూ ఒక ముద్దగా చూస్తే ఒకటి రెండు కుటుంబాల ప్రభావం కప్పబడిపోతుంది.

పరిణామం గురించి గట్టిగా మాట్లాడాలంటే స్ట్రెయిన్ల మధ్య చొరబాటు తేడాలు కావాలి. స్విట్జర్లాండ్‌లోని టానికోన్ పొలాల నుంచి వచ్చిన ఏ1, బీ3, సీ2 లాంటి స్ట్రెయిన్లు డీఏఓఎం 197198తో పోల్చడానికి అనువైనవి. ఒక చోట ఒక స్ట్రెయిన్‌లో టీఈ ఉండి, మరోదానిలో రెట్టింపు ముక్క లేకుండా శుభ్రమైన ఖాళీ స్థలం ఉంటే అది నిజమైన కొత్త చొరబాటు. ఖాళీ స్థలం చూపలేకపోతే అసెంబ్లీ లోపమే కావచ్చు. లాంగ్ రీడ్లలో ఆ చోటును దాటిపోయే రీడ్లు కనీసం మూడు నాలుగు ఉన్నాయేమో కళ్లారా చూడండి.

## 10. టీఈలు పలుకుతున్నాయా: ఆర్‌ఎన్‌ఏ విశ్లేషణ

టీఈ పలకడం అంటే దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారుకావడం. మామూలు పైప్‌లైన్లు జీనోమ్‌లో చాలాచోట్ల సరిపోయే రీడ్లను పారేస్తాయి. రీడ్లను లెక్కపెట్టే ఫీచర్‌కౌంట్స్ డిఫాల్ట్ కూడా అంతే. టీఈల విషయంలో అసలు సమాచారం ఆ రీడ్లలోనే ఉంది. స్టార్ అలైనర్‌లో ఔట్‌ఫిల్టర్‌మల్టీమ్యాప్‌ఎన్‌మాక్స్ 100, విన్‌యాంకర్‌మల్టీమ్యాప్‌ఎన్‌మాక్స్ 200 ఇచ్చి, ఆ తర్వాత టీఈట్రాన్‌స్క్రిప్ట్స్‌ను మల్టీ మోడ్‌లో నడపండి.

వేరు లోపలి నమూనాల్లో ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ మొక్కదే. అందుకే శిలీంధ్రం జీనోమ్‌పై ఒంటరిగా మ్యాప్ చేయకూడదు. ఆతిథేయ మొక్క జీనోమ్, శిలీంధ్రం జీనోమ్ కలిపి ఒకే రిఫరెన్స్ చేయండి. అలా చేయకపోతే మొక్క రీడ్లు శిలీంధ్రం టీఈలపై వాలి, వేరులో టీఈలు ఒక్కసారిగా మేల్కొన్నట్టు కనిపిస్తుంది. శిలీంధ్రం రీడ్లు స్పోర్‌లో కోట్లలో, వేరులో లక్షల్లో ఉంటే, స్పోర్ నమూనాలనూ అదే లోతుకు కుదించి మళ్లీ పోల్చి చూడండి.

టీఈ పలుకుతోందని చెప్పేముందు:

☐ సిగ్నల్ టీఈ అంచు దగ్గరే మొదలవుతోందా, పక్క జన్యువు నుంచి జారి వస్తోందా?
☐ టీఈ ఇంట్రాన్‌లో ఉందా? ఉంటే ఇంట్రాన్లు ఇంకా తొలగని ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏ కావచ్చు.
☐ స్ట్రాండ్ సరైనదేనా?
☐ డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను తొలగించే ఎంజైమ్) వేసిన నమూనాలేనా? ఎక్కువ కాపీలున్న కుటుంబాల్లో కొద్దిపాటి డీఎన్‌ఏ మిగిలినా సిగ్నల్‌లా కనిపిస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ రావడం అంటే గెంతడం కాదు. గెంతిందనడానికి తొమ్మిదో దశలోని కొత్త చొరబాటే సాక్ష్యం. నానోపోర్ రీడ్లు ఉంటే అదే డేటాలో మిథైలేషన్ కూడా చదవవచ్చు. కుటుంబం వయసు, మిథైలేషన్, పలుకుడు మూడింటినీ ఒకే పట్టికలో పెట్టుకోండి.

## 11. ఇతర శిలీంధ్రాలతో పోల్చేటప్పుడు

సహజీవన శిలీంధ్రాల జీనోమ్‌లు పరిమాణంలో చాలా తేడాగా ఉంటాయి. థార్ ఎడారిలో దొరికిన సెరెండిపిటా ఇండికా 25 మెగాబేసులు, లకారియా బైకలర్ సుమారు 65, నల్ల ట్రఫుల్ 125, గిగాస్పోరా మార్గరీటా దాదాపు 773. ట్రఫుల్ జీనోమ్‌లో 58 శాతం టీఈలని 2010 పత్రంలో ఉంది. ఆ శాతాలను నేరుగా మీ శాతం పక్కన పెట్టి గ్రాఫ్ గీయకండి. ఒక్కో పత్రంలో అసెంబ్లీ వేరు, లైబ్రరీ వేరు, కటాఫ్ వేరు.

పోల్చాలంటే అన్ని జీనోమ్‌లనూ డౌన్‌లోడ్ చేసి 3 నుంచి 8 దశలు ఒకే వెర్షన్లు, ఒకే ఆప్షన్లతో నడపండి. లైబ్రరీ మాత్రం ఒక్కో జాతికి విడిగా చేయాలి. రైజోఫేగస్ లైబ్రరీతో ట్రఫుల్‌ను మాస్క్ చేస్తే దాదాపు ఏమీ దొరకదు. ఒక జాతికి చేత్తో సరిదిద్ది మరోదానికి సరిదిద్దకుండా వదిలేస్తే ఆ పోలికకు విలువ లేదు. సమయం చాలకపోతే ప్రతి జాతిలోనూ మొదటి 30 కుటుంబాలకే పరిమితమవ్వండి, అన్నింటికీ సమానంగా.

## 12. ఫలితాలతో పాటు దాచాల్సిన ఫైళ్లు

పత్రంతో పాటు శాతాల పట్టిక ఒక్కటే పెట్టేవారు ఎక్కువ. దాని నుంచి ఇతరులు దేన్నీ తిరిగి సృష్టించలేరు. కనీసం ఇవి పెట్టండి:

☐ సరిదిద్దిన లైబ్రరీ, ఫాస్టా ఫైలుగా. పేరులో వర్గం, జాతి సంక్షిప్త నామం, వరుస సంఖ్య
☐ ఒక్కో కుటుంబానికి సీడ్ అలైన్‌మెంట్, స్టాక్‌హోమ్ ఫైలుగా. డీఫ్యామ్‌కు పంపాలంటే ఇది తప్పనిసరి
☐ చేత్తో సరిదిద్దినవి, సరిదిద్దనివి వేరుచేసే గడి ఉన్న పట్టిక
☐ తీసేసిన కుటుంబాల జాబితా, ఒక్కోదానికి కారణం
☐ అసెంబ్లీ యాక్సెషన్ సంఖ్య, స్ట్రెయిన్ పూర్తి పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, సీడ్ సంఖ్యలు
☐ జీఎఫ్‌ఎఫ్ ఫైలు, అందులోని క్రోమోజోమ్ పేర్లు అసెంబ్లీలో ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా

చివరిదాన్ని అప్‌లోడ్ చేసేముందు ఒకసారి పరీక్షించండి. పేర్లలో ఖాళీలు, వెర్షన్ చుక్కలు తేడా వస్తే బెడ్‌టూల్స్ ఎర్రర్ చూపి ఆగకుండానే సున్నా ఫలితం ఇవ్వవచ్చు, వాడినవారు అక్కడ టీఈలే లేవనుకుంటారు.